సుబ్బులు రెండో కాన్పు

మా తోడికోడలు వెంకటసుబ్బులమ్మకు చిన్నప్పుడే జరమొచ్చి రెండు కాళ్ళూ పడిపోయినాయి. మేనరికమని మా మరిది ఆదినారాయణకిచ్చి చేసినారు. చేతుల మీద పాకుతానే ఇల్లంతా తిరిగేది, జొన్నలు విసిరేది, నాతో సమానంగా పోట్లాడేది. ఆమె నోట్లో నోరు పెట్టి నెగ్గడం నా తరమయ్యేది కాదు.

తొలి కాన్పుకు మా తర్లుపాడు మంత్రసాని వచ్చి చూసి, "గొంతుక్కూర్చోలేనిదానికి నేనెట్ల పురుడు పొయ్యాల?" అని లేచిపోయింది. ఇంట్లో మేమే అవస్థపడినాం. బిడ్డ దక్కలేదు. "కాళ్ళు లేనిదానికి కడుపెందుకు?" అన్నారు ఊర్లో ఆడోళ్ళు. వాళ్ళ నోట్లో మన్నుబొయ్య! మళ్ళీ నెల తప్పినాక సుబ్బులు, "ఈసారి మార్కాపురం ఆసుపత్రికి పోతా. ఈ బిడ్డను మాత్రం పోగొట్టుకోనక్కా" అనింది.

యుద్ధం రోజులు, పెట్రోలు లేక బస్సులు తిరిగేవి కావు. నొప్పులు మొదలవంగానే బండి కట్టినాం. ఆసుపత్రి కాడ మా మరిది ఆమెను ఎత్తుకొని కాన్పుల గది వాకిలి దాకా పోయినాడు. నర్సు మగ్దలీనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"మగోళ్ళు లోపలికి రాకూడదు. ఆమెను నడిచి రమ్మను."

"నడిచేదైతే ఎత్తుకొని ఎందుకొస్తాడమ్మా! కండ్లు కనపడటం లేదా?" అని గయ్యిమన్నా.

సుబ్బులు దిగింది. నొప్పొచ్చినప్పుడల్లా ఆగుతా, ఆ చల్లటి గచ్చు మీద పాక్కుంటానే లోపలికి పోయింది. నేనూ వెనకాలే పోయినా. తీరా చూస్తే కాన్పు బల్ల నా రొమ్ముల ఎత్తుండాది. నేనూ నర్సూ పట్టి లేపబోతే చేతుల్లోంచి జారిపోయింది.

"పరుపు కిందెయ్యండి" అనింది సుబ్బులు.

అప్పుడే లోపలికొచ్చిన డాక్టరమ్మ మొగం చిట్లించింది. "ఇక్కడ నేల మీద కాన్పులు చెయ్యం."

అంతలో సుబ్బులు కేకపెట్టింది. డాక్టరమ్మ వంగి చూసి, "అయ్యో, తల దిగింది! లాగండి పరుపు!" అని చీర దోపుకొని నేల మీద కూలబడింది.

ఆడపిల్ల. కేరుమనింది. నర్సు బిడ్డను తుడిచి, గుడ్డలో చుట్టి, నేరుగా నా దగ్గరికి తెచ్చింది. "సాకేది నువ్వే కదా, పట్టుకో."

"నాకెందుకమ్మా? కన్నతల్లి అక్కడుండాది!" అన్నా.

సుబ్బులు మోచేతి మీద లేచి, బిడ్డనందుకొని రొమ్ముకు ఆనించుకునింది. డాక్టరమ్మ తట్టు తిరిగి నిదానంగా అడిగింది.

"అమ్మా, మళ్ళీ వస్తే పరుపు ముందే కిందేసి ఉంచుతారా?"

"మళ్ళీనా!" అనింది డాక్టరమ్మ.

"ఏం, నేను కనకూడదా?"

డాక్టరమ్మ ఇంకా నేల మీదనే కూర్చోనుండాది.