కామెర్ల డాక్టరు

రసాయనశాల స్టోరు చూసే బాబాయికి ఉన్న పిచ్చి ఒక్కటే: తెల్లగా లేని ఎన్‌బీఎస్‌ని ఎవరికీ ఇవ్వడు. అది అణువులో కోరినచోట బ్రోమిన్‌ని తగిలించే పొడి. కొత్తదైతే తెల్లగా ఉంటుంది, నిలవుంటే బ్రోమిన్ బయటపడి పసుపెక్కుతుంది. బాబాయి సీసాని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లజోడు సవరించుకుని తీర్పు చెప్పేవాడు.

"కామెర్లు! రేపు రా."

అందుకే ఆయన పేరు కామెర్ల డాక్టరు. వైద్యమూ ఆయనదే. వేడినీళ్లలో కరిగించి, మంచులో చల్లార్చి, తెల్లటి స్ఫటికాలను వడగట్టి ఆరబెట్టేవాడు. తనిఖీకొచ్చిన పెద్దాయన పసుపు చొక్కా చూసి, "రేపటికి నయమవుతుంది లెండి" అన్నాడని చెప్పుకునేవారు. అనే ఉంటాడు.

ఈ "రేపు రా"కి అందరికంటే ఎక్కువ విసిగిపోయింది పీహెచ్‌డీ చేస్తున్న ఒక పొడుగమ్మాయి. ఆమె పరిశోధనంతా ఒక్క చర్య దగ్గర ఆగిపోయింది. బెంజీన్ వలయాన్ని ముట్టుకోకుండా, పక్కనున్న కార్బన్ మీదే బ్రోమిన్ కూర్చోవాలి. రేపటిదాకా ఆగలేక పక్క ల్యాబులో సీసా అడిగి తెచ్చుకుని ఆరుసార్లు చేసింది. ఆరుసార్లూ నల్లటి జిగురే.

"సోమవారానికి ఫలితం రాకపోతే టాపిక్ మార్చుకో" అన్నారు ఆమె గైడ్ మేడమ్.

సిగ్గు చంపుకుని స్టోరుకెళ్లింది.

"నాకు చేతకాదు బాబాయ్. రెండేళ్లు బూడిదలో పోశాను."

"వాడిన సీసా పట్రా."

మూత తీసి బాబాయి ముఖం చిట్లించాడు. "దీనికి కిటికీ కూడా అక్కర్లేదు!" చిటికెడు తీసి పరీక్షించి చూశాడు. "సగం సరుకు ఎప్పుడో చచ్చిపోయిందమ్మా."

ఫ్రిజ్ తెరిచి ఇంకో సీసా తీశాడు. మల్లెపువ్వులాంటి పొడి. చీటీ మీద ఆమె పేరు, మూడు వారాల కిందటి తేదీ.

"ఇది... నాకా?"

"రేపు రమ్మన్నానా? రాలేదు!"

ఆ మధ్యాహ్నమే ఫ్లాస్కులో ద్రావణాన్ని మరిగించి, చర్య మొదలవడానికి వెలుతురు కావాలి గనక పక్కనే పెద్ద దీపం వెలిగించింది. బరువైన ఎన్‌బీఎస్ అడుగున కూర్చుంది. గంట గడిచింది. అడుగు పొడి తరిగిపోతూ, పైన తేలికపాటి తెల్లటి తెట్టు కట్టింది. ఎన్‌బీఎస్ బ్రోమిన్‌ని అప్పజెప్పేశాక మిగిలేది అదే. చల్లారాక వడగట్టబోతే కళ్లు భగ్గుమన్నాయి.

"ఏడుస్తున్నావేంటే?" వాకిట్లోంచి బాబాయి కంగారుగా అడిగాడు.

"ఏడుపు కాదు బాబాయ్, మంట!"

"మంటా? అయితే వచ్చేసిందే! నువ్వు చేయాలనుకున్న పదార్థం ఘాటే అంత! పొగలు లాగే గూటి అద్దం దించు ముందు!"

సోమవారం ఉదయం అణువు నిర్మాణాన్ని పరీక్షించే యంత్రం కాగితం కక్కింది. బ్రోమిన్ సరిగ్గా చెప్పినచోటే ఉంది. వలయం చెక్కు చెదరలేదు.

"ఎవరూ అడగని ఈ చాకిరీ ఎందుకు బాబాయ్ నీకు?" కాగితంతో స్టోరుకొచ్చి అడిగింది.

బాబాయి గరాటు కడుగుతూ తలెత్తలేదు. "సీసాకి జబ్బు చేస్తే, పిల్లలు తమకే బుర్ర లేదనుకుంటారే. చూడలేక. ఇక నడువు, మేడమ్ ఉన్నారు."

ఆమె కాగితాన్ని జెండాలా పట్టుకుని వరండా అంతా పరుగెత్తింది. మేడమ్ గది తలుపు తట్టను కూడా తట్టలేదు.