పరుపు కుట్లలో నల్లులు

మా ఆయన పోయిన రెండో నెలలో మా ఇంట్లో నల్లులున్నాయని తెలిసింది. కనిపెట్టింది నేను కాదు, నాకు తోడుండడానికి అద్దంకి నుంచి వచ్చిన మా వదిన, ఆయన అక్క. వచ్చిన మర్నాడు ఆదివారం. చర్చిలో పక్కన కూర్చుని నా చెయ్యి తిప్పి చూసింది.

"ఏంటమ్మాయ్ ఈ దద్దుర్లు?"

"దోమలేమో వదినా."

"దోమ ఇలా వరసపెట్టి కుడుతుందా? ఇది నల్లి."

నాకు దురద లేదు. ఆ రోజుల్లో ఏదీ తెలిసేది కాదు. పచ్చిమిరపకాయ కొరికినా నోరు మండేది కాదు. పర్చూరులో బడికి వెళ్లి పాఠం చెప్పేదాన్ని, ఇంటికొచ్చి పడుకునేదాన్ని.

ఇంటికి రాగానే వదిన దుప్పటి లాగేసింది. పరుపు కుట్ల వెంట మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. మంచం కోళ్ల సందుల్లో, గోడమీద కేలండర్ వెనకా ఎర్రగా, చదునుగా పురుగులు. ఒకదాన్ని నలిపితే రక్తం వచ్చింది.

"నీదే," అంది.

గుంటూరు ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన నెలన్నర నేలమీద పడుకున్నాను. అక్కడి నుంచి తెచ్చుకున్న బట్టల్లోనే వచ్చి ఉంటాయి.

ఎదురింటి రైతు పత్తికి కొట్టే మందు తెచ్చిస్తానన్నాడు. వదిన కసిరింది. "ఇది ఇల్లా, చేనా బాబూ?"

చీరాల నుంచి నల్లులమందు కొట్టే అతన్ని పిలిపించాం. పడకగదికి తాళం వేసి ముందు గదిలో పడుకుంటే అవే చస్తాయి కదా అని అడిగాను.

"నెలల తరబడి పస్తుంటాయమ్మా. మనిషి ఊపిరి, ఒంటి వేడి ఎటుంటే అటొస్తాయి. మీరు గది మారితే మీ వెనకే వస్తాయి," అన్నాడు.

వదిన బట్టలన్నీ ఉడకబెట్టింది. కోళ్ల సందుల్లో మరిగే నీళ్లు పోసింది. పరుపుని మాత్రం ఏం చెయ్యలేకపోయింది. ఆయన పడుకునే వైపు గుంటపడి ఉంది.

"దీన్ని ఉంచలేం," అంది, నా మొహం చూడకుండా.

"తీసేద్దాం వదినా."

ఇద్దరం మోసుకెళ్లి మిరప కల్లం అవతల తగలబెట్టాం. వదిన కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను కర్రతో దూది ఎగదోస్తూ నిలబడ్డాను. సరిగ్గా కాలుతోందా లేదా, అదొక్కటే చూశాను.

గుడ్లు పిల్లలై ఉంటాయని అతను పదిహేను రోజులకి మళ్లీ వచ్చి మందు కొట్టాడు. వదిన రోజూ పొద్దున్నే నా దుప్పటి వెలుతురులో పరిచి వెతికేది. చివరికి ఒక రోజు "ఏం లేవు," అని మడతపెట్టి, ఊరికి బయల్దేరింది.

ఆమెని బస్సెక్కించి ఇంటికొచ్చాను. ఇల్లు ఖాళీ అయిందని కూడా అనిపించలేదు, బడికి టైమవుతోందని జడ వేసుకున్నాను.