ఓపల్ ట్రోటర్ తప్పు లెక్క

హార్లెంలో ఎవరు సంగీత నాటకం తలపెట్టినా రిహార్సల్ పియానో ముందు కూర్చునేది ఓపల్ ట్రోటరే. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇదే తంతు. నాటకం కుదురుకునే ఐదారు వారాలూ బ్యాండంతా ఆమె పది వేళ్ళలోనే ఉంటుంది. ట్రంపెట్టూ ఆమే, డ్రమ్సూ ఆమే. ఆ తర్వాత ఒకనాడు పద్దెనిమిది మంది బ్యాండువాళ్ళు వాయిద్యాల పెట్టెలు మోసుకుంటూ దిగుతారు. ఆ పూటతో ఓపల్‌తో పని సరి. కోటు తొడుక్కుని ఇంటికి పోవాలి. మొదటి ఆట చూడాలనిపిస్తే టికెట్టు కొనుక్కోవాలి. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే కదా అని ఆదివారం చర్చిలో ఆర్గన్ వాయిస్తూ కూడా గొణుక్కునేది.

పోనీ, ఆమె చేసేది ఒట్టి వాయింపేనా అంటే అదీ కాదు. పాట కట్టినవాళ్ళు పాట వరకే రాస్తారు. నడుమ నాట్యం దగ్గరికి వచ్చేసరికి కాగితం ఖాళీ. ఇక్కడ ఓ రెండు నిమిషాలు ఏదో ఒకటి కానివ్వండి, మిస్ ఓపల్, అంటారు. ఆ ఏదో ఒకటి ఆమె కడుతుంది. ఆడేవాళ్ళ కాళ్ళు చూస్తూ, ఆ కాళ్ళకు తగ్గట్టుగా, అక్కడికక్కడే కడుతుంది. బాగుందనిపిస్తే ఎవరో వచ్చి రాసుకుపోతారు. అచ్చులో ఆ ఎవరో పేరే పడుతుంది. సొమ్మొకడిది, సోకొకడిది. పదకొండు నాటకాల్లో ఆమె కట్టిన సంగీతం ఉంది. ఒకే ఒక్క ప్రోగ్రాం పుస్తకంలో ఆమె పేరు వేశారు. అదీ చిట్టచివర, కృతజ్ఞతల కింద, కుర్చీలు అరువిచ్చిన శవసంస్కారాల దుకాణం తర్వాత. అందులోనూ ఇంటిపేరు తప్పు.

పంతొమ్మిది వందల డెబ్బై ఐదు వసంతంలో మిసెస్ డోజియర్ కొత్త నాటకం ఎత్తుకుంది. కొత్తదంటే కథ పాతదే. ఎన్నడో రాజుల కాలంలో ఆడిన హాస్య నాటకం. దొరా నౌకరూ బట్టలు మార్చుకుని పెళ్ళికూతురి ఇంటికొస్తారు. ఆ సంగతి పెళ్ళికూతురి తండ్రికి ఒక్కడికే తెలుసు, తెలిసీ తెలియనట్టు కూర్చుని తమాషా చూస్తాడు. దాన్ని మిసెస్ డోజియర్ హార్లెంకి దించి, దొరను బ్యాండు నాయకుణ్ణి చేసి, నౌకరును అతని కారు డ్రైవర్ని చేసి, కథ నిండా జాజ్ పాటలు పెట్టించింది. డబ్బు పెట్టేది ఆవిడే, నడిపించేదీ ఆవిడే. ఈసారి మీ పేరు తప్పకుండా వేయిస్తాను, మిస్ ఓపల్, అని మొదటిరోజే మాటిచ్చింది. ఇలాంటి మాటలు ఓపల్ చాలా విన్నది. అయినా ఆ రాత్రి ఆమెకు సంతోషంతో నిద్ర పట్టలేదు. ఆశ చావదు మరి.

తండ్రి వేషం హోరస్ టిల్మన్‌ది. అరవై ఆరేళ్ళ మనిషి. ఒకప్పుడు ఆయన బూటు చప్పుడు వినడానికే జనం బారులు తీరేవారు. ఇప్పుడు నూట ముప్పై ఎనిమిదో వీధిలో ఒంటి గదిలో ఉంటున్నాడు. పదకొండేళ్ళ తర్వాత దొరికిన వేషం ఇది. ఓపల్‌కు ఆయనంటే వల్లమాలిన అభిమానం. దానికి కారణముంది. ఇరవై ఏళ్ళప్పుడు ఆమె మొదటిసారి పియానో ముందు కూర్చుంటే, ఆడపిల్ల వాయింపుకు ఆడేదెవరయ్యా అని అక్కడి పెద్దమనిషి లేవగొట్టబోయాడు. హోరస్ స్టేజీ మీదే కూర్చుని బూటు లేసు విప్పుకోవడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల వాయించకపోతే నేనూ ఇంటికే అన్నాడు. ఆ పూట నుంచే ఆమెకు అన్నం దొరికింది.

ఈ నాటకంలో హోరస్‌ది ఒకే పెద్ద నాట్యం. మెట్ల మీద నుంచి బూట్లు టకటకలాడిస్తూ దిగాలి. నడుమ ఒక వెడల్పాటి మెట్టు ఉంది. అక్కడ ఎడమ మోకాలు వంచి కిందికి దూకాలి. మూడో వారంలో ఓపల్ గమనించింది, ఆ మోకాలు వంగడం లేదు. ఆయన మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, కుడికాలు ముందు దించి, ఎడమకాలు ఈడ్చుకుంటున్నాడు. అందుకు తాళంలో రెండు దెబ్బలంత ఆలస్యమవుతోంది. రిహార్సల్ పియానోకు ఒకటే ధర్మం: కాళ్ళ వెనక వేళ్ళు పోవాలి. బ్యాండు అయితే కాగితం వెనక పోతుంది, అది వేరే సంగతి. ఓపల్ ఏమీ ఆలోచించకుండానే ఎడమచేత్తో రెండు దెబ్బలు కలిపేసింది, మంద్ర స్వరంలో, గుర్రుమని. వెనక ఆడుతున్న ఎనిమిది మంది నాట్యగాళ్ళూ ఏమైందోనని ఒక్కసారి తలలు తిప్పి హోరస్‌ను చూశారు. ఆయన కన్ను గీటాడు. హాల్లో ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. అంతే, అది నాటకంలో భాగమైపోయింది. ముసలాయనకు గుట్టు తెలుసు కదా, అందుకే అక్కడ ఆగి అందరినీ ఓ చూపు చూస్తున్నాడని అనుకున్నారు.

ఇద్దరి నడుమా మాటల్లేకుండానే ఒప్పందం కుదిరిందనుకుంది ఓపల్.

చిక్కంతా రాతకోతల దగ్గర వచ్చింది. బ్యాండుకు సంగీతం రాసిచ్చేవాడు కార్విన్ లాడ్, ముప్పై నాలుగేళ్ళవాడు, పెద్ద సంగీత కళాశాలలో చదివొచ్చినవాడు. పని తెలిసినవాడే, కాదనను. కానీ రిహార్సల్‌కు వచ్చి నాలుగు జతల కాళ్ళు చూద్దామనే బుద్ధి లేదు. నాట్యానికి మీరు కట్టినదంతా రాసి పంపించండి, నేను బ్యాండుకు పంచుకుంటానని కబురు పెట్టాడు. ఓపల్ పదకొండు పేజీలు రాసింది. ఆ రెండు దెబ్బలు మాత్రం రాయలేదు. రాస్తే ఎందుకని అడుగుతాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. అందులో ఈసారి పడేది ఇంకొకరి కాళ్ళ మీద. కిందటి నాటకంలో ఒకడికి తుంటి పట్టేసిందని తెలిసిన గంటలో మిసెస్ డోజియర్ ఇంకొకణ్ణి ఎక్కించింది. హోరస్ పాత్ర కూడా ముప్పై ఏళ్ళ కుర్రాడొకడు నేర్చుకుని సిద్ధంగా ఉన్నాడు. బ్యాండు వచ్చిననాడు పాత డ్రమ్మరు చెవిలో ఒక మాట వేస్తే అతనే చూసుకుంటాడని ఓపల్ ధైర్యం.

గురువారం పదకొండు గంటలకు బ్యాండు దిగింది. పాత డ్రమ్మరు లేడు. కార్విన్ తన సొంత మనిషిని తెచ్చుకున్నాడు. ఆ మహానుభావుడు కాగితం మీది నుంచి కళ్ళెత్తితే ఒట్టు. ఓపల్ రెండుసార్లు దగ్గరికి పోయి నిలబడితే, మంచినీళ్ళు కావాలేమోనని కూజా చూపించాడు.

అప్పుడే ప్రోగ్రాం పుస్తకం ప్రూఫు వచ్చింది. నాలుగింటికి అచ్చాఫీసుకు తిరిగి పంపాలి. మిసెస్ డోజియర్ దాన్ని పియానో మీద పరిచి, చూసుకోండి అంది. ఓపల్ కళ్ళజోడు తుడుచుకుని చదివింది. సంగీత నిర్వహణ: కార్విన్ లాడ్. దాని కింద, అదే సైజు అక్షరాల్లో, నాట్య సంగీతం: ఓపల్ ట్రోటర్. మూడుసార్లు చదివింది. ఇంటిపేరులో అక్షరాలు ఒక్కొక్కటీ చూసుకుంది. ఈసారి తప్పు లేదు. ఊరికే తలూపింది.

గంట తిరక్కుండానే మెట్ల నాట్యం వచ్చింది. బ్యాండు అదరగొట్టింది. వెడల్పాటి మెట్టు దగ్గర ఎనిమిది మందీ తలలు తిప్పి ఆగారు. బ్యాండు ఆగలేదు. ఒకరి మీద ఒకరు పడ్డారు. హోరస్ కాలు దించేసరికి తాళం ఎక్కడికో పోయింది, ఆయన మెట్టు మీద చతికిలబడ్డాడు. కార్విన్ చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

నాట్యగాళ్ళు ఇక్కడ ఇంకో రెండు దెబ్బలున్నాయన్నారు. కార్విన్ కాగితాలు తిరగేసి, లేవే అన్నాడు. రాసిందెవరని అందరూ ఓపల్ వైపు చూశారు. నవ్వు కోసం అక్కడ రెండు కలిపానని, రాయడం మరిచిపోయానని చెప్పింది ఓపల్. అంతటితో పోతుందనుకుంది పిచ్చిది.

"ఓస్, నవ్వు కోసమేనా? అయితే తీసేద్దాం," అన్నాడు కార్విన్. "పాట ఎటూ పొడుగైంది. మిస్టర్ టిల్మన్, మీరు ఆగకుండా సూటిగా దిగేయండి. ఏదీ, ఒకసారి చూద్దాం."

హోరస్ ప్యాంటు దులుపుకుని లేచి మళ్ళీ మెట్లెక్కబోయాడు.  సూటిగా దిగమంటే ఆయన ఎలా దిగుతాడో ఓపల్‌కు తెలుసు, దిగాక ఏమవుతుందో కూడా తెలుసు. నవ్వైతే తీసేస్తారు. తప్పైతే, అందరి కాళ్ళలోనూ ఇంకిపోయిన తప్పైతే, రెండు రోజుల్లో ఎవడి బాబు తీయగలడు?

"ఆగండి," అంది ఓపల్. "నవ్వు కోసం కాదు. అబద్ధం చెప్పాను. మూడో వారం నుంచీ నేనే లెక్క తప్పి వాయించాను. వీళ్ళంతా నా తప్పు మీదే నేర్చుకున్నారు. ఇప్పుడు తీశారంటే అక్కడి నుంచి చివరిదాకా ఒక్క అడుగూ కుదరదు. మొదటి ఆట ఎల్లుండే."

 బ్యాండులో ఎవరో కిసుక్కుమన్నారు. కార్విన్ తల పట్టుకున్నాడు. కాసేపటికి పెన్సిలు తీసి, పద్దెనిమిది మందినీ ఆ రెండు దెబ్బలూ రాసుకోమన్నాడు. ఖాళీగా ఉంటే బాగుండదని సాక్సఫోన్లకు అక్కడ గుర్రుమనే ముక్కొకటి తగిలించాడు. ఆ గుర్రు ఎవరిదో ఇక చెప్పుకోవడం దండగ.

"నాలుగు దాకా లెక్కపెట్టడం రాని మనిషి పేరు నా పేరు కింద వేస్తారా, మిసెస్ డోజియర్?" అన్నాడు అందరి ముందూ. "పేపర్లవాళ్ళు నన్ను చూసి నవ్వుతారు."

మిసెస్ డోజియర్ చెడ్డది కాదు, కానీ ఎల్లుండి ఆట పెట్టుకుని కార్విన్‌తో గొడవ పడలేదు. ప్రూఫు తీసుకుని, ఓపల్ పేరు మీదుగా పెన్సిలుతో ఒక గీత గీసింది. వచ్చేసారి చూద్దాంలెండి, మిస్ ఓపల్, అంది. గీత కూడా సన్నగా, మర్యాదగానే గీసింది. ఓపల్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిచి ఒక్క ముక్క చెబితే ఆ గీత చెరిగిపోతుంది. ఆ ముక్క చెప్పలేదు. మింగలేక, కక్కలేక, మడత కుర్చీ లాక్కుని వెనక వరసలో కూర్చుంది.

మధ్యాహ్నం మళ్ళీ ఆడారు. మెట్టు దగ్గర సాక్సఫోన్లు గుర్రుమన్నాయి, తలలు తిరిగాయి, హోరస్ కన్ను గీటాడు. బ్యాండువాళ్ళే వాయించడం మానేసి నవ్వారు. ఆ సాక్సఫోన్ల ఐడియా అద్భుతమని ఒకరిద్దరు కార్విన్ భుజం తట్టారు. నాలుగింటికి అచ్చాఫీసు మనిషి వచ్చి ప్రూఫు తీసుకుపోయాడు.

ఓపల్ కోటు తొడుక్కుని, పియానో బల్ల మీద కూర్చుని సంగీతం కాగితాలు సంచిలో సర్దుకుంటుంటే హోరస్ వచ్చాడు. వేయించిన చేప పెట్టిన రొట్టె ఒకటి పొట్లం కట్టించుకొచ్చి ఆమె చేతిలో పెట్టి, ఆమె పక్కన మెల్లగా కూలబడ్డాడు. చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని గొంతు తగ్గించాడు. హమ్మయ్య, ఇప్పటికైనా మనిషి ఒక మంచి మాట అంటాడని ఓపల్ కళ్ళు దించుకుంది. పేరు పోతే పోయింది, తెలిసినవాడు ఒక్కడున్నా చాలుననుకుంది.

"నీకో సంగతి చెప్పాలి ఓపల్, బాధపడకు," అన్నాడు హోరస్. "మూడు వారాల నుంచీ కనిపెడుతూనే ఉన్నా, ఆ మెట్టు దగ్గర నీ చెయ్యి వెనకబడుతోంది. నలుగురిలో నీ పరువు పోకూడదని, నువ్వు అందుకునేదాకా నేనే కాలు పట్టి ఆపేవాణ్ణి. ఇవాళ బ్యాండు సూటిగా పోయేసరికి ఆ అలవాటు కొద్దీ పడ్డా. లేకపోతే ఈ కాళ్ళకేం, గుర్రం కాళ్ళు."

ఓపల్ ఆయన మోకాలి వైపు చూసింది. ప్యాంటు కింద కట్టిన గుడ్డ ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. దాన్ని ఆయన రెండు చేతులతోనూ అదిమి పట్టుకుని కూర్చున్నాడు.

"వయసు మీద పడితే ఎవరికైనా తప్పదు," అన్నాడు ఆమె చెయ్యి తట్టి. "అందుకే ఇందాక మిసెస్ డోజియర్‌తో చెప్పొచ్చా. వచ్చే నాటకానికి ఎవరినన్నా చిన్నవాళ్ళను చూసుకోమ్మా, ఓపల్‌ను ఇంక కష్టపెట్టకు అని. ఆవిడ కూడా సరేనంది."

 ఓపల్ చేతిలో రొట్టె పొట్లం నలిగిపోయింది. ఎల్లుండి ఆట. ఆ మెట్లన్నీ ఈ మనిషే దిగాలి.

"నా కోసం ఇంత శ్రమ ఎందుకు తీసుకున్నావు, హోరస్?" అంది చివరికి.

"శ్రమేముంది?" అంటూ ఆయన ఆమె భుజం ఆసరా పట్టుకుని లేచాడు. "ముప్పై ఎనిమిదేళ్ళ స్నేహం. ఆ మాత్రం కడుపులో పెట్టుకోకపోతే ఎలా?"