అక్కమ్మ మడిలో గంజాయి

దేవకమ్మది సత్యవేడు పక్క పల్లె. మొగుడు పోయినాక తిరుపతికొచ్చి, నెత్తిన గంప పెట్టుకుని ఆకుకూరలమ్మి బతికింది. కష్టానికి ఎన్నడూ వెనకాడని మనిషే కానీ, పక్కవాళ్ళు బాగుంటే ఆమెకు ముద్ద దిగేది కాదు.

తొంభై ఎనిమిదిలో మునిసిపాలిటీవాళ్ళు ఊరి చివర బీడుగా పడున్న స్థలాన్ని మళ్ళు చేసి, కూరలమ్మే ఆడవాళ్ళకు సాగుకిచ్చినారు. విత్తనాలూ వాళ్ళే ఇచ్చినారు. గుడిసె వేయకూడదు, మురుగునీళ్ళు పారించకూడదు, నిషేధమున్న మొక్క కనిపిస్తే మడి పోతుంది. అవీ షరతులు. చీట్లు వేస్తే కుళాయి పక్కనున్న నల్లమన్ను మడి, దేవకమ్మతోపాటు కూరలమ్మే అక్కమ్మకొచ్చింది. రాళ్ళమడి దేవకమ్మకు.

అక్కమ్మకు కండ్లలో శుక్లాలు. అయినా, "దూరం మోసేదెందుకక్కా, ఈడే పట్టుకో" అని తానే బిందె నింపి ఎత్తేది. ఆ బిందె మోస్తున్నంతసేపూ దేవకమ్మ లోలోపల ఉడికిపోయేది.

మళ్ళకు దగ్గర్లోని సత్రం వెనక బైరాగులు దులిపిన గింజలు మొలిచి, గంజాయి మొక్కలు లేచినాయి. ఒక మధ్యాహ్నం అక్కమ్మ మార్కెట్టుకు పోయినప్పుడు, దేవకమ్మ నాలుగు మొక్కలు వేళ్ళు తెగకుండా పెకలించి తెచ్చి ఆమె గోగాకు నడుమ నాటింది. చూపుకు ఆ ఆకూ ఈ ఆకూ అక్కచెల్లెళ్ళే. అక్కమ్మ కనిపెట్టలేదు సరికదా, వాటికీ నీళ్ళు పోసి పెంచింది. మోకాలెత్తు పెరిగినాక దేవకమ్మ పోయి ఎక్సైజ్ వాళ్ళ చెవిన వేసింది.

"నేను నాటలేదు సార్, దేవుని తోడు!" అని అక్కమ్మ ఇన్‌స్పెక్టరు కాళ్ళమీద పడింది.

"గవర్నమెంటు అనుమతి లేకుండా ఒక్క మొక్క పెంచినా జైలే. లెయ్," అన్నాడాయన.

అక్కమ్మ పక్క మడిలో నిలబడున్న దేవకమ్మ వైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పక్కా! నా సంగతి నీకు తెలీదా?"

దేవకమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఎవురి కడుపులో ఏముందో నాకేం తెలుసమ్మా," అనింది.

కేసు తేలేదాకా అక్కమ్మ జైల్లోనే మగ్గింది. షరతు ప్రకారం మడి రద్దయింది. ముందుగా పోయి అడిగిన దేవకమ్మకే దాన్నిచ్చినారు. ఆ మన్నులో ఏమేసినా విరగకాసింది.

సాక్ష్యం చాలక కోర్టు కేసు కొట్టేసింది. అక్కమ్మ బయటికొచ్చేసరికి ఒక కన్ను పూర్తిగా పోయింది, అద్దెగదిలో వేరేవాళ్ళు చేరినారు. గంజాయామె అని ఎవరూ పనికి పిలవలేదు. చివరికొచ్చి ఆ మడిగట్టు మీదే నిలబడింది.

"కలుపు పనుంటే ఇయ్యక్కా."

"గడ్డేదో కూరేదో నీకు కనపడతాదా?"

"తడిమితే తెలుస్తాది."

దేవకమ్మ సగం కూలికి ఒప్పుకుంది.

ఒకనాడు కలుపు తీస్తూ, తలెత్తకుండానే అక్కమ్మ అనింది: "నాటింది నువ్వేనని నాకు జైల్లోనే అర్థమైందక్కా."

కట్టలు కడుతున్న దేవకమ్మ చేతులు ఆగినాయి. కానీ అక్కమ్మ గొంతులో కోపం లేకపోవడం చూసి ధైర్యమొచ్చింది.

"అయితే ఏం జేస్తావు?"

"ఏం జేస్తాను? తినాల కదా."

"ఆ మూలంతా మిగిలే ఉండాది. పొద్దుగూకేలోగా కానియ్," అని దేవకమ్మ గంపెత్తుకుని మార్కెట్టుకు పోయింది.

రెండో కన్ను కూడా పొయ్యేదాకా అక్కమ్మ అక్కడే కూలి చేసింది. ఆ తరువాత దేవకమ్మ ఆమెను మడి ఛాయలకు రానివ్వలేదు. మొలకలు తొక్కేస్తుందట.