చెన్నయ్యకు దినం చెయ్యనియ్యని లింగమ్మ

ఓడదొంగలు చెన్నయ్యను పట్టుకపోయి ఏడాది నిండింది. అన్న యాదయ్య, గడ్డిబొమ్మను కాలవెట్టి దినం చేద్దామన్నడు. శవం దొరకనోళ్లకు ఆ ఇంట్ల గట్లనే చేస్తరు. బొమ్మ కాలినంక చెన్నయ్య పెండ్లాం లింగమ్మ బొట్టు, గాజులు తియ్యాలె.

పహాడీ షరీఫ్ దర్గాకు పోయే మొక్కులోళ్లకు మేకలమ్మే లింగమ్మకు నోరు పెద్దదని శంషాబాద్ అంతా ఎరుకే. ఆ పొద్దు మాత్రం, రెండొద్దులు ఆగుమని బావను బతిమాలింది. మొగడు బతికున్నడో లేడో ఆమెకూ తెల్వదాయె. పొలం విమానాశ్రయం కింద పోయినంక చెన్నయ్య వంట నేర్చి, సరుకు ఓడల వంటోడై పోయిండు. ఆఫ్రికా పక్క ఓడను దొంగలు పట్టుకున్నరని ఒక్క ఫోనొచ్చింది. ఇగ అంతే.

బడిల చరిత్ర చెప్పే గోవర్ధన్ సారు ఇంటికి పోయి, దొంగలు మనుషులను ఏం చేస్తరని అడిగింది. ఇప్పటోళ్ల సంగతి తనకు తెల్వదన్నడు సారు. నాలుగైదు వందల ఏండ్ల కింద మధ్యధరా సముద్రంల, రాజులే చీటి రాసిచ్చి ఓడదొంగలను పంపేటోళ్లట. వాళ్లు ఒడ్డు ఊర్ల మీద పడి జనాన్ని ఎత్తుకపోయి, పైకమిస్తే ఇడిసేటోళ్లట.

"ఏండ్ల తర్వాత వచ్చినోళ్లు ఉన్నరా సారూ?"

"ఉన్నరు లింగమ్మా. రానోళ్లు గూడ ఉన్నరు."

రానోళ్ల సంగతి ఆమె అడగలె. సక్కగ బావ ముంగటికి పోయింది.

"బావా, అమ్ముకునేటోడు మేకను పస్తుంచుతడు గాని సంపుకోడు. నీ తమ్మున్ని దొంగలే కొయ్యలె. నువ్వెందుకు తొందరపడుతున్నవు?"

యాదయ్య తల గోక్కుంట, పెద్దల అమాస దాకా ఆగుదమన్నడు.

అమాస రాకముందే ఫోనొచ్చింది. ఓడ కంపెనీ దొంగలతోని బేరం తెంపి, పైకం కట్టి అందరినీ ఇడిపించిందట. లింగమ్మ కూలవడి ఏడ్చింది, అటెన్క ఇల్లు అలికింది.

దిష్టి తీద్దామని ఎర్రనీళ్ల చెంబు పట్టుకొని విమానాశ్రయానికి పోతే, ఇక్కడ పొయ్యొద్దని జవాను ఆపిండు. "నీ కాళ్లు కడుగుతనంటున్ననా?" అని ఆమె గొణుగుతుంటెనే చెన్నయ్య బయటికొచ్చిండు. మనిషి సగమైండు, గడ్డం రొమ్ము దాకుంది. ఆటో పక్కన నిలవెట్టి మూడుసార్లు నీళ్లు తిప్పి పారవోసింది.

ఎంట వచ్చిన యాదయ్య కంటనీరు పెట్టుకుంట దినం సంగతి తనే చెప్పిండు.

"మంచిదే అన్నా," అన్నడు చెన్నయ్య. "ఆ దినం కూడు ఇయ్యాలనే వండించు. నేనే కూసోని తింట."

లింగమ్మ ఏడాది తర్వాత నవ్వింది. గాజులు గల్లుమనంగ మొగని రెక్క పట్టి ఆటో ఎక్కించింది.