పదమూడో కీర్తనలో సగం

నా చిన్నప్పుడు ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్లలో శివరాత్రి దాటిందంటే పసుపు ఉడకబెట్టే పనులు మొదలయ్యేవి. తవ్విన పసుపును చేల దగ్గరే పెద్ద పెద్ద ఇనుప కడాయిల్లో పోసి, నీళ్లు నింపి, పైన ఆకు కప్పి ఉడికించేవారు. ఊరంతా అదే వాసన. మాకు గుంట భూమి లేదు. మా అమ్మ ఆ పనులకు కూలికి పోయేది. అమ్మను మేము అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. ఆయన బొంబాయిలో ఇళ్లు కట్టే పనికి పోయి, ఏడాదికి ఒకసారి వచ్చేవాడు. ఇంట్లో పెద్ద దిక్కు ఆయన తల్లి, మా బాపమ్మ. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. తమ్ముడికి మూడు నిండి నాలుగు నడుస్తోంది.

ఆ రోజు బడికి సెలవు. బాపమ్మకు జ్వరంగా ఉండడంతో అమ్మ మా ఇద్దరినీ తన వెంట చేను దగ్గరికి తీసుకుపోయింది. గట్టు మీద నీడలో తమ్ముడిని కూర్చోబెట్టి, "తమ్ముని ఇడిసిపెట్టి యాడికీ పోకు. పొయ్యి దిక్కు రానియ్యకు" అని నాకు రెండుసార్లు చెప్పి పనిలోకి దిగింది. నేను సరేనన్నాను. కాసేపు వాడితోనే ఉన్నాను. తర్వాత ఇంకో కూలి ఆమె కూతురు వచ్చి కచ్చకాయలు ఆడదామని పిలిచింది. నాలుగడుగుల దూరమే కదా అనుకున్నాను. ఆటలో ఓడిపోతున్నాను కాబట్టి గెలిచేదాకా లేవబుద్ధి కాలేదు.

ఉడికిన పసుపు తీసేశాక కడాయిలో మిగిలిన మరిగే నీళ్లను పక్కనే తవ్విన చిన్న గుంటలోకి ఒంపేవారు. తమ్ముడు దాన్ని వాననీళ్ల మడుగు అనుకున్నాడేమో, రెండు కాళ్లతో అందులోకి దిగాడు. ఆ అరుపు విన్నాకే నేను తల ఎత్తాను. నేను లేచేసరికి అమ్మ వాడిని చంకన వేసుకుని ఉరుకుతోంది. మోకాళ్ల కింది నుంచి వాడి చర్మం ఎలా ఉందో ఈ వయసులో కూడా నేను చెప్పలేను.

చేను ఆసామి వెంటనే ఎడ్లబండి కట్టించాడు. బండి ఎక్కుతూ అమ్మ నన్ను ఒకే ఒక్క మాట అడిగింది.

"నువ్వు ఏడ వోయినవే?"

"నీళ్లు తాగ వోయిన అవ్వా. అంతల్నే ఉరికిండు" అన్నాను.

నా గుప్పిట్లో ఇంకా కచ్చకాయలు ఉన్నాయి. అమ్మ వాటి వైపు చూసింది. తర్వాత ముఖం అటు తిప్పుకుంది. బండి కదిలింది. మెట్‌పల్లి దాకా బండిలో, అక్కడి నుంచి బస్సులో జగిత్యాల ఆసుపత్రికి తీసుకుపోయారని సాయంత్రానికి తెలిసింది.

ఇంట్లో బాపమ్మ, నేను మిగిలాం. బడి పంతులుతో బాపుకు ఉత్తరం రాయించాం కానీ జవాబు రాలేదు. జగిత్యాల పోయి వచ్చినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పేవారు. పిల్లవాడికి జ్వరం దిగడం లేదని ఒకరు, కాళ్లు చీము పట్టాయని ఒకరు. బతకడం కష్టమని నా ముందు ఎవరూ అనలేదు గానీ, నేను లోపలికి రాగానే మాటలు ఆపేసేవారు. పిల్లలకు అది చాలు.

మేము క్రైస్తవులం. మా వాడ చివర ఒక పెంకుటి గది మా ప్రార్థన మందిరం. అబద్ధం చెప్పినవాళ్లను దేవుడు చూస్తూ ఊరుకోడని అక్కడ నేర్పారు. నా అబద్ధానికి తమ్ముడి ప్రాణం తీసుకుంటాడని నాకు గట్టి నమ్మకం కుదిరింది. పోనీ నిజం చెబుదామంటే, ఇక అమ్మ జన్మలో నా ముఖం చూడదు. ఈ రెండింటి మధ్య నాకు అన్నం దిగేది కాదు. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంటే బండి ఎక్కుతూ అమ్మ చూసిన చూపే కనబడేది. అందుకని ప్రార్థన మానేశాను. బాపమ్మ మోకరించినప్పుడు నేను కట్టెలు సర్దుతూనో, చిప్పలు కడుగుతూనో తప్పించుకునేదాన్ని.

పన్నెండో రోజున బాపమ్మ, "రేపు జగిత్యాల పోదాం. తలకు పోసుకో" అంది.

"నేను రాను. అవ్వ నన్ను సూడది" అన్నాను.

 బాపమ్మ గూట్లోంచి బైబిలు తీసి నా ఒళ్లో పెట్టింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ ఏ కీర్తన ఏ నంబరో, అందులో ఏముందో మొత్తం నోటికి వచ్చు. "పదమూడోది తియ్యి. రేపు గాడ నువ్వే సదవాలె. నాకు కండ్లు అవుపడుతలేవు" అంది. చదవడమే రానిదానికి కళ్లు కనబడితే మాత్రం ఏం లాభమని ఆ రోజు నాకు తట్టలేదు.

బస్సులో కోరుట్ల దాటాక పుస్తకం తీసి చూసుకున్నాను. చిన్న కీర్తన. ఆరు వచనాలే. కానీ పుస్తకంలోని తెలుగు నాకు సగం అర్థమయ్యేది కాదు. మొదట్లోనే ఒక మాట దగ్గర ఆగిపోయాను.

"బాపమ్మా, విముఖుడు అంటే ఏంది?"

"ముఖం తిప్పుకున్నోడు. ఎన్నాళ్లు నా దిక్కు సూడకుంట ముఖం తిప్పుకుంటవని దేవున్ని అడుగుతుండు."

నాకు భయం వేసింది. "దేవున్ని గట్ల అడుగుతరా? కోపం రాదా?"

"ఎందుకత్తది? గది రాసినాయన రాజు. రాజే నాలుగుసార్లు అడిగిండు, ఎన్నాళ్లు, ఎన్నాళ్లు అని. కోపమచ్చేదుంటే గా పుస్తకంలకెల్లి ఎప్పుడో తీసేసేటోళ్లు."

 తర్వాత ఆమె నాకు అంతవరకు తెలియని సంగతి చెప్పింది. మా బాపు కంటే ముందు ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టారట. ఒకే వానకాలంలో ఇద్దరూ పోయారట. వచ్చినవాళ్లంతా ఏడవద్దని, దేవుడు ఏం చేసినా మన మంచికేనని, స్తోత్రం చెప్పమని అన్నారట. చెప్పిందట కూడా. చెప్పినకొద్దీ గుండె బండలా అయిపోయిందట. అప్పుడు కోరుట్ల నుంచి ఇళ్లకు వచ్చి బైబిలు చదివి వినిపించే ఒక ముసలామె, ఏ మాటా చెప్పకుండా పక్కన కూర్చుని ఈ కీర్తన చదివిందట. "ఎన్నాళ్లు అన్న మాట ఇన్నంక నాకు ఊపిరి ఆడింది బిడ్డా. నేను అడుగుదామనుకున్నదే గాయన అడిగిండు" అంది.

ఆసుపత్రిలో పొడుగాటి గది. తమ్ముడి మంచం చివరి కిటికీ పక్కన. వాడి కాళ్లకు బట్ట తగలకుండా పైన వంచిన చువ్వలు పెట్టి, వాటి మీద తెల్లగుడ్డ కప్పారు. వాడు కళ్లు మూసుకుని ఉన్నాడు. పక్కన కింద కూర్చుని అమ్మ అట్టముక్కతో విసురుతోంది. పన్నెండు రోజుల్లో ఆమె సగమైపోయింది. మా మందిరం పెద్దమనిషి, ఆయన భార్య అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నారు. వాళ్లు మంచివాళ్లే. రొట్టెలు సద్ది కట్టుకుని అంత దూరం వచ్చారు. కానీ ఆయన, "ఏడ్వద్దమ్మా, ఏడిస్తే అవిశ్వాసం. స్తోత్రం చెప్పు" అంటూనే ఉన్నాడు. అమ్మ ఏడవడం లేదు. మాట్లాడడమూ లేదు. ఆ రొట్టెలు అలాగే ఉన్నాయి.

మేము దగ్గరికి పోయినా అమ్మ తల ఎత్తలేదు. బాపమ్మను చూసి కొంచెం జరిగింది, అంతే. నేను బాపమ్మ కొంగు పట్టుకుని వెనక నిలబడ్డాను. బాపమ్మ నన్ను ముందుకు లాగి, సరిగ్గా అమ్మకు ఎదురుగా కూర్చోబెట్టింది. పెద్దమనిషి పాట ఎత్తుకోబోతుంటే, "జర ఆగయ్యా. పోరి సదువుతది" అంది.

నేను మొదలుపెట్టాను. బడిలో చదివినట్టే గట్టిగా, గబగబా చదవబోయాను. మొదటి వాక్యం అయింది. రెండోది. ఆ మాట వచ్చింది. విముఖుడు. పుస్తకం మీది నుంచి కళ్లు ఎత్తితే ఎదురుగా అమ్మ, అటు తిరిగిన చెంప. నేను అక్కడే ఆగిపోయాను.

"సదువు బిడ్డా" అంది బాపమ్మ.

"అవ్వా" అన్నాను. పుస్తకంలో ఆ మాట లేదు. "అవ్వా, ఎన్నొద్దులు నా దిక్కు సూడవు?"

అట్టముక్క ఆగింది. ఇక నన్ను నేను ఆపుకోలేకపోయాను. "నేను నీళ్లు తాగ వోలే. కచ్చకాయలు ఆడిన. నువ్వు పిల్సినవో లేదో గూడ ఇనలే. తమ్ముడు సచ్చిపోతే నన్ను ఇంట్ల ఉండనియ్యకు గని ఒక్కపారి ఇటు సూడు" అని ఒకే ఊపిరిలో అనేశాను.

గదిలో అందరూ మావైపు తిరిగారు. అమ్మ నా వైపు చూసింది. ఆ కళ్లలో నేను కోపం వెతుక్కున్నాను. కోపం లేదు. అంతకంటే భయపెట్టేది ఏదో ఉంది.

"నాకు ఎర్కేనే" అంది. పన్నెండు రోజుల తర్వాత ఆమె గొంతు బొంగురుగా వచ్చింది. "నీ శేతుల కాయలు సూడలేదా నేను? గది కాదే. తొమ్మిదేండ్ల పోరికి పిలగాన్ని అప్పజెప్పి నేను కూలి సూసుకున్న. నీ ముఖం సూత్తే నా తప్పే కండ్లవడుతుంది. ఎట్ల సూడాలె నిన్ను?"

అని నన్ను లాక్కుని ఏడ్చింది. నోట్లో కొంగు కుక్కుకుని, ఊగి ఊగి ఏడ్చింది. పెద్దమనిషి ఏదో అనబోయాడు. ఆయన భార్య ఆయన మోచేతిని పట్టుకుని ఆపింది. ఆమె కూడా ఏడుస్తోంది. పక్క మంచం దగ్గర కూతురికి తోడుగా ఉన్న ముస్లిం ఇంటావిడ లేచి వచ్చి, అమ్మ తల మీద చెయ్యి పెట్టి, "రోనే దో, రోనే దో. ఏడ్వనియ్యిండ్రి" అంది. ఈ అలికిడికి తమ్ముడు కళ్లు తెరిచి, "అవ్వా, అక్కను కొట్టకు" అన్నాడు. ఆ మాటకు అమ్మ ఇంకా ఎక్కువ ఏడ్చింది.

ఏడుపు తెరిపి ఇచ్చాక బాపమ్మ పుస్తకం మళ్లీ నా చేతిలో పెట్టింది. ఈసారి నెమ్మదిగా చదివాను. ఎన్నాళ్లు, ఎన్నాళ్లు అని అడగడం అయింది. నా వైపు చూడు, జవాబు ఇవ్వు, నా కళ్లకు వెలుగు ఇవ్వు, లేకపోతే చచ్చిపోతాను అని వేడుకోవడం అయింది. నాలుగు వచనాలు. ఐదో వచనం మీద బాపమ్మ అరచెయ్యి అడ్డం పెట్టింది.

"సాలు" అంది.

"ఇంక రెండున్నయ్ గద" అన్నాను. ఆ రెండిట్లోనే సంతోషం ఉంది. నీ కృపను నమ్ముకున్నాను, నాకు మేలు చేశావు కాబట్టి పాడతాను అని ఉంటుంది.

"ఉన్నయ్. యాడికీ పోవు. మనం ఇంక గక్కడిదాంక పోలే" అని పుస్తకం మూసేసింది. పెద్దమనిషికి నచ్చలేదు. కీర్తనను సగంలో ఆపడం ఎక్కడైనా ఉందా అన్నాడు.  బాపమ్మ రొట్టె విరిచి అమ్మ నోటికి అందించింది. అమ్మ తింది.

తమ్ముడు బతికాడు. ఆ కీర్తన చదివినందుకే బతికాడని నేను అనను. ఆ తర్వాత కూడా వాడికి రెండుసార్లు జ్వరం తిరగబెట్టింది. కుడి పాదం ముడుచుకుపోయింది. బాపు వచ్చి పదిహేను రోజులు ఉండి, వాడిని భుజాన ఎత్తుకుని తిప్పి మళ్లీ బొంబాయి పోయాడు. వాడిని ఇంటికి తెచ్చాక ప్రతి వారం అమ్మ, బాపమ్మ, నేను కూర్చుని ఆ నాలుగు వచనాలే చదివేవాళ్లం. నాట్లు పడే రోజుల్లో ఒక మధ్యాహ్నం వాడు గోడ పట్టుకుని లేచి, గోడ వదిలి, గడప దాకా నాలుగడుగులు వేశాడు. కుంటుతూనే వేశాడు. బియ్యం చెరుగుతున్న బాపమ్మ చాట పక్కన పెట్టి, "ఇగ సదువు" అంది నాతో. చివరి రెండు వచనాలూ ఆ రోజు చదివాను. అప్పుడు ఏడ్చింది బాపమ్మ.

నాకిప్పుడు అరవై దగ్గర పడుతున్నాయి. తమ్ముడు కోరుట్లలో దర్జీ. ఎడమకాలితో మిషను తొక్కి ముగ్గురు పిల్లలను చదివించాడు. నేను పెళ్లయి సిరిసిల్ల వచ్చాను. మా ఆయన మరమగ్గాల మీద పనిచేసి, చివరికి ఊపిరితిత్తులు చెడి మంచం పట్టాడు. ఆయన పోయాక మా సంఘం ఆడవాళ్లు వచ్చి స్తోత్ర గీతం పాడదామన్నారు. పాడదాం గానీ ఇప్పుడే కాదు అన్నాను. పదమూడో కీర్తన తీసి నాలుగు వచనాలు చదివి పుస్తకం మూశాను. మిగిలిన రెండూ చదవడానికి నాకు రెండేళ్లు పట్టింది. దేవుడు తొందరపెట్టినట్టు నాకు అనిపించలేదు.

ఎవరి ఇంట్లో కష్టం వచ్చినా పోయి కూర్చుంటాను. వాళ్లు ఎంతవరకు వచ్చారో చూసి అంతవరకే చదువుతాను. మనవళ్లు, మనవరాళ్లు తప్పు చేస్తే నాకూ కోపం వస్తుంది. తిడతాను కూడా. కానీ ముఖం తిప్పుకోను. వాళ్లను దగ్గరికి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, కళ్లలోకి చూస్తూనే తిడతాను.