స్కిమ్మర్ స్విచ్చు

మా బంధువులందరూ చెప్పేది ఒకటే: కరెంటు రాగానే నేను తొందరపడి చేపల తొట్టి స్విచ్చు వేశాననీ, అందుకే ముందుగది మునిగిందనీ. నేను ఒప్పుకోను. ఆ రోజు నేను ఏ స్విచ్చూ వేయలేదు. కరెంటు పోయినప్పుడు ఎవరూ స్విచ్చు తీయలేదు, అదీ అసలు సంగతి. తీయాల్సిన మనిషి, అంటే మా ఆయన, వరండాలో పేపరుతో విసురుకుంటూ కూర్చున్నారు.

ఎమ్మిగనూరులో సముద్రపు చేపలు పెంచాలన్న ఆలోచన ఆయనదే. ఇక్కడినుంచి సముద్రం ఎంత దూరమో ఆయనకు తెలియక కాదు, బడిలో భూగోళం చెప్తారు. ఉప్పు ప్యాకెట్లు తెప్పించి, నీళ్ళలో కలిపి, రెండు నారింజరంగు చేపల్ని వదిలారు. సాయంత్రం రాగానే చెప్పులు విప్పకముందే వాటిని పలకరిస్తారు. నన్ను తర్వాత.

తొట్టి కింద అరలో ఇంకో చిన్న తొట్టి ఉంటుంది. పై నీళ్ళు అందులోకి దిగుతాయి, మోటారు వాటిని మళ్ళీ పైకి తోస్తుంది. స్కిమ్మర్ ఉండేది ఆ చిన్న తొట్టిలోనే. గాలి బుడగలు ఊది, చేపల మురికిని నురుగుగా లేపి, పైనున్న గిన్నెలోకి చేర్చే గొట్టం అది. కరెంటు పోతే పై నీళ్ళు కొన్ని కిందికి జారి, చిన్న తొట్టిలో మట్టం పెరుగుతుంది. కరెంటు రాగానే స్కిమ్మర్ ఆ లోతులోనే పని మొదలుపెట్టి, నురుగుకు బదులు నీళ్ళనే గిన్నె దాటించి నేలమీద పోస్తుంది.

రెండోసారి మునిగినప్పుడు, ఆయన మళ్ళీ ఉప్పునీళ్ళు కలిపేలోగా ఒక చేప పక్కకు ఒరిగింది. బతికింది గానీ, ఆయన మొహం చూడలేకపోయాను.

"ఇంకొక్కసారి ఇట్లయితే తొట్టి ఎవరికన్నా ఇచ్చేస్తా," అన్నారు.

"ఇచ్చెయ్ నాయనా," అంది మా అత్త. "కూరకు పనికిరాని చేపలకు ఇంత సేవ యాడన్నా సూసినామా?"

నేను ఆదోని నుంచి మా నాన్నను పిలిపించాను. ఆయన పత్తి జిన్నింగు మిల్లులో మోటార్లు చూసుకునేవాడు. కరెంటు పోతే మిల్లులో అందరూ టీకి పోయేవాళ్ళు. మా నాన్న మాత్రం ప్రతి స్విచ్చూ దించాకే కదిలేవాడు. కరెంటు వచ్చాక ఒక్కొక్క మిషనే నడిపించేవాడు. మా ఇంటికి వచ్చి, తొట్టి కింద అర ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఏందప్పా, కరెంటు వస్తానే అన్నీ ఒక్కపారి తిప్పుతారా?"

"మామా, అది మిల్లు. ఇది చేపల తొట్టి."

"మోటారు యాడున్నా మోటారే గదా. కరెంటు పోతానే ఈ నురుగుదాన్ని ఆపల్ల. వచ్చినంక పెద్ద మోటారు నీళ్ళు పైకెక్కించనీ. మట్టం ఈడికి దిగినంక దీన్ని ఎయ్యి."

'ఈడికి' అన్నచోట గోళ్ళరంగుతో గీత గీశాను. స్కిమ్మర్‌కు విడిగా స్విచ్చు పెట్టించాం. "నాకిది ముందే తెలుసు," అన్నారు మా ఆయన. తెలిసుంటే రెండుసార్లు నేల ఎవరు తుడిచారో అది కూడా తెలిసుండాలి, అన్నాను.

తర్వాత ఒకరోజు ఆదోనిలో పెళ్ళికి పోయాం. మోకాళ్ళ నొప్పులని అత్త రాలేదు. మేం బంతిలో కూర్చున్నాక పక్కింటావిడ ఏదో పనిమీద ఫోన్ చేసి, మాటల్లో మాటగా కరెంటు పోయి వచ్చిందని చెప్పింది. ఆయన ఆకు మడిచి లేచారు. అత్తకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. బస్సులో ఆయన దారంతా వాళ్ళమ్మకు మళ్ళీ మళ్ళీ ఫోన్ చేస్తూనే ఉన్నారు. నేను నోరు మూసుకున్నానంటే ఎంత భయపడ్డానో చూడండి.

ముందుగది పొడిగా ఉంది. పెద్ద మోటారు తిరుగుతోంది. మేం వేసి వెళ్ళిన స్కిమ్మర్ స్విచ్చు మాత్రం ఆపి ఉంది. చేపలు రెండూ అద్దం దగ్గరికి వచ్చాయి. ఆయన చెప్పులతోనే వాటిముందు కూలబడ్డారు.

అత్త వరండాలో శనక్కాయలు ఒలుస్తోంది.

"స్విచ్చు నువ్వే ఆపినావా అత్తా?"

"నాకేం తెల్సు నీ నురుగు మిషను! పో, కాళ్ళు కడుక్కో పో."

ఇంట్లో ఆమె తప్ప ఇంకో మనిషి లేదు. మా నాన్న వివరం చెప్పిన రోజు వంటింట్లో ఉల్లిగడ్డలు తరుగుతున్న ఆమె ఒక్కసారి కూడా ఇటు తల తిప్పలేదు. ఈరోజుకీ ఒప్పుకోదు. అత్తా, ఆ స్విచ్చు ఆపింది చేపల మీద ప్రేమతోనా, కొడుకు మొహం చూసా, లేక నా నోటికి భయపడా?